మామయ్య చీమల పుస్తకం

విశాఖపట్నంలో జూ తెరిచింది 1977లో. ఆ తరువాత మూడు నాలుగేళ్ళ పాటు ఏ ఊరి నుంచి ఏ చుట్టం వచ్చినా మా ఇంట్లో ఒకటే కార్యక్రమం: పులిని చూపించడం. మా చిన్నమామయ్య ఒక్కడే వేరు. ఆదివారం తెల్లవారకముందే నన్నూ తమ్ముణ్ణీ లేపి, మాధవధార వెనక కొండ ఎక్కించి, మాకు చీమల్ని చూపించేవాడు.

మేము మర్రిపాలెం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మామయ్య అప్పుడు ఆంధ్రా యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాడు. హాస్టల్ కూడు సహించక శనివారం సాయంత్రానికల్లా మా ఇంట్లో వాలిపోయేవాడు. చేతిలో సంచి, సంచిలో భూతద్దం, నల్ల అట్ట ఉన్న ఒక పొడవాటి నోటుపుస్తకం. సిరా పెన్ను జేబుకు, పెన్సిలు చెవికి.

మాధవధారలో గుడి పక్కన కొండ మీది నుంచి నీటిధార దిగుతుంది. అక్కడి నుంచి రాతిమెట్ల దారి కొండ ఎక్కి అవతలి వైపు సింహాచలం గుడికి చేరుతుంది. బయలుదేరేటప్పుడు అమ్మ "అప్పన్నకు కొబ్బరికాయ కొట్టి రండి" అని డబ్బులిచ్చేది. అప్పన్న దాకా మేము చేరింది ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. మామయ్యతో నడక అంటే గంటకు ఇరవై మెట్లు. ఏ పొద దగ్గరో గొంతుకు కూర్చునేవాడు, ఇక లేవడు. ఎండ ముదిరేసరికి మేము ఇంకా సగం కొండ మీదే ఉండేవాళ్ళం. కొబ్బరికాయ డబ్బులు దారిలో పనసతొనలైపోయేవి. ఆ సంగతి అమ్మకు తెలుసని నాకు చాలా ఏళ్ళ తరువాత గాని తెలియలేదు.

చీమల విషయంలో మా ఇంట్లో అప్పటికే ఒక శాస్త్రం ఉంది. అది అమ్మమ్మది. ఆవిడ లెక్కలో చీమలు మూడు రకాలు: కుట్టేవి, కుట్టనివి, పంచదార డబ్బాలో పడి చచ్చేవి. నల్లవి లక్ష్మీదేవి చీమలు, వాటిని తొక్కకూడదు. ఎర్రవి పాపిష్టివి, వాటిని పసుపు చల్లి తోలాలి. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కుతుంటే వాన తప్పదు, వడియాలు ఎత్తేయాలి. వాన సంగతి చాలాసార్లు నిజమే అయ్యేది. గుడ్ల సంగతే కాదని మామయ్య తేల్చాడు. బియ్యపు గింజంత తెల్లగా కనిపించేవి గుడ్లు కావట, పెరుగుతున్న పిల్లలూ, గూటిలో ముడుచుకున్న ప్యూపాలూనట. అసలు గుడ్లు అంత చిన్నవి, మన కంటికి ఆనడమే కష్టం. అమ్మమ్మ అంతా విని, "పిల్లలైతే మరీ మంచిది, వాన ఇంకా గట్టిగా పడుతుంది" అంది.

మామయ్య మాకు మొదట నేర్పింది రంగును నమ్మవద్దని. "ఎర్రచీమ అనేది పేరు కాదు, అమ్మలూ. ఎర్రచొక్కా వేసుకున్నవాళ్ళందరినీ ఒకే పేరుతో పిలుస్తావా?" ఆ దారి మీదే ఎర్రచీమలనదగ్గవి నాలుగు రకాలు ఉండేవి, ఒకదానికొకటి చుట్టరికమే లేదు. రంగు కాదు, నడుము చూడమనేవాడు. ఛాతీకి పొట్టకి మధ్య సన్నటి నడుము మీద బుడిపె ఉంటుంది. కొన్నింటికి ఒకటి, కొన్నింటికి రెండు. రెండు ఉంటే కొండి ఉందనుకుని దూరం జరగాలి, ఒకటే ఉన్నా పూర్తిగా నమ్మకూడదు. భూతద్దం కింద బుడిపెలు లెక్కపెట్టడానికి చీమ కదలకుండా నిలబడాలి. చీమ నిలబడదు. నా చిన్నతనంలో ఓపిక అనే గుణం ఏమైనా ఉందంటే అది అక్కడ అబ్బిందే.

గండుచీమల దగ్గర నేను బాగా బోల్తాపడ్డాను. ఒకే పుట్టలో నుంచి పెద్ద తలకాయవి, చిన్న తలకాయవి, మధ్యరకంవి వస్తుంటే మూడు జాతులని రాసుకున్నాను. మామయ్య నవ్వి, అవన్నీ ఒక తల్లి పిల్లలే, అందరూ ఆడవాళ్ళే, పనిని బట్టి ఒళ్ళు అన్నాడు. పామునైనా చంపగలవని బళ్ళో చదువుకున్న చలిచీమలు వీటిలో ఏవి అని అడిగాను. మామయ్య అటూ ఇటూ చూసి, "వాటిని అడగాల్సింది పామును" అన్నాడు. తెలియనప్పుడు ఇలాంటి సమాధానాలే చెప్పేవాడు.

రెండు బుడిపెల పాఠం మాత్రం నేను మరిచిపోయే అవకాశం లేదు. ఒక వేసవిలో నీడ కోసం చెట్టుమొదలుకు చేరగిలబడ్డాను. మోచేయి మీద నిప్పుకణిక పెట్టినట్టయింది. చూస్తే సన్నగా, పొడవుగా, తలా పొట్టా నల్లగా, మధ్యభాగం ఇటుకరంగులో ఉన్న చీమ ఒకటి, ఒంటరిగా, ఏమీ ఎరగనట్టు బెరడు మీద నడిచిపోతోంది. చెట్ల తొర్రల్లో, ఎండిన కొమ్మల్లో కాపురం ఉండే రకం అది. నేను గొంతెత్తి ఏడుస్తుంటే మామయ్య పరుగున వచ్చి మొదట అడిగిన మాట: "బుడిపెలు ఎన్నో చూశావా?" తరువాత నోటుపుస్తకంలో రాశాడు: రెండు బుడిపెలు, నొప్పి సాయంత్రం దాకా. పరీక్షించినవారు అని రాసి నా పేరు. ఆ పేరు అచ్చులో చూసుకున్నంత సంబరపడి ఏడుపు ఆపేశాను. ఇంటికి వచ్చాక అమ్మమ్మ సున్నం రాసి తమ్ముణ్ణి తిట్టింది, ఎందుకో.

ఆకుల గూళ్ళు కట్టే ఎర్రచీమల కథ వేరు. జీడిమామిడి కొమ్మల్లో, మామిడి కొమ్మల్లో పచ్చి ఆకులు కలిపి కుట్టిన బంతుల్లాంటి గూళ్ళు వేలాడుతుంటాయి. కుట్టు ఎలా పడుతుందో మామయ్య మమ్మల్ని పూర్తిగా ఒక పూట కూర్చోబెట్టి చూపించాడు. కొన్ని చీమలు ఆకు అంచు మీద వరుసగా నిలబడి పక్క ఆకును నోటితో పట్టి లాగుతాయి. అందకపోతే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసు కడతాయి. రెండంచులూ దగ్గరకు వచ్చాక లోపలి నుంచి ఇంకొన్ని చీమలు తమ పిల్లల్ని నోట కరుచుకుని వస్తాయి. పిల్ల నోటి నుంచి పట్టుదారం వస్తుంది. దాన్ని ఈ అంచుకు ఆనించి, ఆ అంచుకు ఆనించి, మగ్గం మీద నాడె ఆడినట్టు ఆడిస్తాయి. పెద్ద చీమకు దారం లేదు, పిల్లకు చేతకాదు. ఇల్లు మాత్రం లేచింది.

ఇవి కుట్టవు, కరుస్తాయి. కరిచి, ఆ గాటులోకి పొట్ట వంచి ఆమ్లం చిమ్ముతాయి. మనం రెండింటికీ "చీమ కుట్టింది" అనే అంటాం, మామయ్యకు అది నచ్చేది కాదు. జీడితోటల్లో పిక్కలు ఏరేవాళ్ళకు వీటితో నరకమే. కానీ లేతచిగుళ్ళ రసం పీల్చే తేయాకు దోమను జీడిచెట్టు మీద వాలనివ్వనివి కూడా ఇవే. తోట కాపలా మనిషి ఒకాయన ఈ మాట విని, "అయితే మీరే ఎక్కి కోసి పెట్టండి బాబూ" అన్నాడు.

గొంగళిపురుగుల దగ్గరికి వచ్చేసరికి మా పరిజ్ఞానం మరీ పలచన. బొచ్చు ఉంటే గొంగళిపురుగు, లేకపోతే ఒట్టి పురుగు. అమ్మమ్మ కంబళిపురుగు అనేది. ఆవిడకు వాటి మీద పగ ఉంది, కారణం పెరటి మునగచెట్టు. చలికాలం ముందు ఆ చెట్టు మొదలంతా కంబళి చుట్టినట్టు గుంపులుగా పట్టేవి. దివిటీ పెట్టి కాల్చేవారు. మామయ్య ఆ సమయానికి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. వాటి తరఫున ఆయన కూడా వాదించలేదు.

"పురుగును చూడకముందు ఆకును చూడు" అనేది ఆయన రెండో సూత్రం. చీమ ఎక్కడైనా తిరుగుతుంది, పురుగు మాత్రం తన ఆకు దొరికితేనే బతుకుతుంది. కాబట్టి చెట్టు పేరు తెలిస్తే పురుగు పేరు సగం తెలిసినట్టే. జిల్లేడు మీద తెలుపు, నలుపు, పసుపు పట్టీలతో, వీపు మీద మూడు జతల నల్లకొమ్ములతో ఉన్నది ఒక రకం. జిల్లేడు పాలలోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, అందుకే పిట్టలకు జడిసి దాక్కోదు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించేది కొన్నాళ్ళకు పచ్చగా మారుతుంది. వేలితో తాకితే తల వెనక నుంచి చీలిన ఎర్రటి కొమ్ము ఒకటి బయటపెట్టి ముక్కు పగిలే వాసన కొడుతుంది. తమ్ముడికి ఈ విన్యాసం ఎంత నచ్చిందంటే, కరివేపాకు మొక్క దగ్గరకు వాణ్ణి అమ్మ వెళ్ళనిచ్చేది కాదు. గన్నేరు కంచెకు ఆకు అడుగున వెండి బుట్టకమ్మలా మెరుస్తూ ఒకటి వేలాడుతుంటే పక్కింటి పిన్నిగారు నిజంగానే తన కమ్మ అనుకుని చెయ్యి పెట్టారు. అది సీతాకోకచిలుక ప్యూపా. అంత మెరుపు మళ్ళీ నగల దుకాణంలో కూడా చూడలేదు నేను.

ఆముదం ఆకుల మీద దొరికే దాసరిపురుగు అంటే మామయ్యకు ప్రత్యేకమైన గౌరవం. ఒంటి పొడవునా నామాల్లా చారలు. నడుము కాళ్ళు కొన్ని సరిగా ఎదగవు, అందుకని నడుము వంచి లేచి, వంచి లేచి, దణ్ణాలు పెడుతూ నడిచినట్టు నడుస్తుంది. రైతులు దాన్ని నామాలపురుగు అని కూడా అంటారు. "లాటిన్ పేరు పెట్టినవాడు దీన్ని నడుస్తుండగా చూశాడో లేదో, దాసరి అన్నవాడు మాత్రం చూశాడు" అనేవాడు మామయ్య. నోటుపుస్తకంలో ఎప్పుడూ మన పేరు ముందు, లాటిన్ పేరు తరువాత. మన పేరు లేకపోతే మేమే పెట్టేవాళ్ళం. పుల్లలు అంటించుకుని సంచిలో తిరిగే పురుగుకు కట్టెలమోపు అని పెట్టాం. పోయిన జన్మలో వంటచెరకు దొంగిలించినవాళ్ళు ఈ జన్మలో అలా పుడతారని అమ్మమ్మ చెప్పింది. దాన్ని కూడా రాసుకున్నాడు.

జిల్లేడు పురుగుల్ని హార్లిక్స్ సీసాలో పెట్టి, మూతికి పాతపంచె గుడ్డ కట్టి పెంచేవాళ్ళం. రోజూ తాజా ఆకు, రోజూ రెట్టలు తుడవడం. రెండు వారాలు తిరిగేసరికి ఆకుపచ్చని ప్యూపా, ఇంకో వారం దాటాక నారింజరంగు రెక్కలు. మొదటి రెండూ అలా ఎగిరిపోయాయి. మూడో ప్యూపా మాత్రం రోజురోజుకూ నల్లబడింది. ఒక పొద్దున చూస్తే సీసా అడుగున గోధుమరంగు గింజల్లాంటివి నాలుగు. అవి ఏమిటో అని దాచి ఉంచాం. వాటిలో నుంచి ఈగలు వచ్చాయి. మామూలు ఈగల్లాంటివే, కాస్త బొద్దుగా, ముళ్ళబొచ్చుతో. పురుగు ఒంట్లోనే పెరిగి దాన్ని లోపలి నుంచి తినేశాయన్న మాట. మేము వారాల తరబడి ఆకులు పెట్టి పెంచింది ఈగల్ని. నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. అమ్మ సీసాను పెరట్లోకి గిరాటు వేసింది. ఆ సీసా పోయినందుకు మాత్రం తరువాత చాలాకాలం బాధపడింది.

ఆ సంఘటన జరిగిన కొద్దిరోజులకే రేగుపొద సంగతి జరిగింది. ఈ రెండింటికీ సంబంధం ఉందని ఇప్పుడు అనిపిస్తుంది. పురుగు అంటే ఎవరో ఒకరు తినేసేదే అనే భయం నాలో అప్పటికే పడి ఉంది.

శ్రావణమాసం. వాన వెలిసి కొండంతా ఎర్రమట్టి వాసన. పైకి ఎక్కితే దూరాన సముద్రం, రేవులోకి పిలుపు రాక బయటే నిలబడిన ఓడలు. మామయ్యా తమ్ముడూ ముందు నడుస్తున్నారు. దారి పక్క రేగుపొదలో ఆకుల మీద ఎవరో గోటితో గీకినట్టు సన్నటి గీతలు. ఆకు చివర ఉడికిన మెతుకంత పచ్చటి పురుగు, కాళ్ళు కనిపించకుండా ఆకుకు అతుక్కుని ఉంది. దాని మీద గండుచీమలు నాలుగైదు. మీసాలతో దాని వీపు తడుముతున్నాయి, ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. పురుగు కదలడం లేదు. చంపేస్తున్నాయి అనుకున్నాను. పుల్ల తీసుకుని ఒక్కొక్క చీమనూ విదిలించాను. అవి పోవు. దులిపితే మళ్ళీ కొమ్మ ఎక్కి వస్తాయి. నా వేలు కరిచాయి కూడా. ఎలాగో వాటిని తప్పించి, పురుగును ఆకుతో సహా అగ్గిపెట్టెలో పెట్టుకుని, పరుగెత్తుకుంటూ వెళ్ళి మామయ్యకు చూపించాను.

మామయ్య నా వీపు తట్టాడు. అక్కడే బండ మీద కూర్చుని పెన్సిలుతో రేగు ఆకునూ పురుగునూ బొమ్మ గీశాడు. కింద సిరాతో రాశాడు: చీమల బారి నుంచి అమ్మలు కాపాడిన పురుగు, రేగు, ఆదివారం. నాకు చదివి వినిపించాడు. అంతకు మునుపు బళ్ళో వచ్చిన ఏ మార్కులూ ఆ వాక్యానికి సాటి రాలేదు.

పురుగు మూడో రోజున అగ్గిపెట్టెలో చచ్చిపోయింది. చీమలు అప్పటికే కరిచేసి ఉంటాయి అనుకున్నాం.

ఆ తరువాతి ఏళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మామయ్య ఎక్కడో దూరం ఊరి కాలేజీలో లెక్చరర్ అయ్యాడు. నోటుపుస్తకం మా ఇంట్లోనే అటక మీద ఉండిపోయింది, వచ్చినప్పుడల్లా దించి చూసుకుని మళ్ళీ పెట్టేవాడు. నాకు పెళ్ళయి హైదరాబాదు వెళ్ళిపోయాను. ఒకరోజు కూరగాయలు తరుగుతూ టీవీ చూస్తుంటే అందులో అదే దృశ్యం కనిపించింది. ఆకు, పచ్చటి చిన్న పురుగు, వీపు మీద చీమలు. అవి తినడం లేదు. ఆ పురుగు వీపు చివర ఒక గ్రంథి ఉంటుందట. చీమ మీసాలతో నిమిరితే అందులో నుంచి తియ్యటి చుక్క వస్తుంది. చీమ ఆ చుక్క తాగుతుంది, బదులుగా కందిరీగల్నీ సాలీళ్ళనూ దగ్గరికి రానివ్వదు. నీలిరంగు రెక్కల చిన్న చిన్న సీతాకోకచిలుకల కుటుంబంలో చాలా వాటి పురుగులు చీమలతో ఇలా పొత్తు పెట్టుకుని బతుకుతాయి. రేగు మీద ఆకు గీకి తినేవీ ఆ కుటుంబానివే. కత్తి పక్కన పెట్టేశాను. నా వేలు కరిచిన చీమలు ఎందుకు అంత మొండిగా తిరిగి వచ్చాయో అప్పుడు అర్థమైంది.

మామయ్యకు ఉత్తరం రాద్దామనుకున్నాను. రాయలేదు. అంత ముచ్చటపడి రాసుకున్న వాక్యం కదా, ఆయనకు ఎందుకు చెప్పాలి అనిపించింది. తరువాత కలిసినప్పుడు కూడా ఆ మాట ఎత్తలేదు. 2011లో మామయ్య పోయాడు.

2013 చలికాలంలో విశాఖ వెళ్ళినప్పుడు తమ్ముడి కొడుకును వెంటబెట్టుకుని కంబాలకొండకు వెళ్ళాను. వాడికి ఎనిమిదేళ్ళు. మా చిన్నప్పుడు అది ఒట్టి కొండ. ఒకప్పుడు విజయనగరం రాజులది, 1970 ప్రాంతంలో అటవీశాఖ చేతికి వచ్చింది. 2002లో అభయారణ్యం చేశారు. డెబ్బై చదరపు కిలోమీటర్ల అడవి, నగరానికి ఆనుకునే. అలుగులు ఉన్నాయని చెబుతారు. చీమల్నీ చెదల్నీ తిని బతికే జంతువు. నాకైతే ఎప్పుడూ కనిపించలేదు. టిక్కెట్టు కొనుక్కుని చీమల్ని చూడటానికి వెళ్ళడం మామయ్యకు వింతగా ఉండేది.

దారి పక్క ఆకుల గూడు ఒకటి కనిపించగానే నాలో మామయ్య నిద్రలేచాడు. పట్టుదారం, మగ్గం, నాడె, అన్నీ చెప్పాను. గూటి పక్క ఆకు మీద ఒకటి విడిగా తిరుగుతుంటే వేలెత్తి, "అదిగో, కావలి చీమ" అన్నాను. వాడు ఫోనుతో దగ్గరగా బొమ్మ తీసి, పెద్దది చేసి చూసి, "అత్తా, దీనికి ఎనిమిది కాళ్ళు ఉన్నాయి" అన్నాడు.

నిజమే. ముందు కాళ్ళు రెండూ మీసాల్లా గాలిలో ఊపుతోంది. ఆ ఎర్రచీమ వేషం కట్టిన సాలీడు అది. నేను ఆకును కదిపేసరికి దారం వదిలి కిందికి జారిపోయింది. చీమ దారం వదలదు కదా అత్తా అన్నాడు వాడు. పెద్దది వదలదు అన్నాను. అంతకు మించి ఏమీ తోచలేదు. రంగు చూడకు, నడుము చూడు అని నేర్చుకున్నానే గాని, కాళ్ళు లెక్కపెట్టమని మామయ్య ఎప్పుడూ చెప్పలేదు. అవి ఆరే ఉంటాయని ఆయన నమ్మకం.

మరుసటి ఏడు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడింది. రైళ్ళు తిరగడం మొదలుపెట్టాక వెళ్ళాను. కంబాలకొండ, సింహాచలం కొండ, ఎటు చూసినా ఆకు లేదు. నిలిచిన చెట్లు కాలిన పుల్లల్లా ఉన్నాయి. ఏ ఆకు మీద ఏ పురుగు అని అడగడానికి ఆకే లేదు. మా పాత ఇంటి కిటికీలు ఊడిపోయి, అటక దాకా జల్లు కొట్టింది. తమ్ముడూ మరదలూ తడిసిన సామాను అంతా డాబా మీద పరిచారు. పెళ్ళి ఆల్బములు, ఇంటి కాగితాలు, అమ్మ రామకోటి పుస్తకాలు. వాటి మధ్య నల్ల అట్ట నోటుపుస్తకం, ఉబ్బి రెండింతలై ఉంది.

పేజీలు ఒక్కొక్కటీ వేరు చేస్తూ కూర్చున్నాం నేనూ నా మేనల్లుడూ. సిరా అంతా కరిగిపోయింది. మన పేర్లూ లాటిన్ పేర్లూ కలిసి ప్రతి పేజీ ఒక నీలిమరక. పెన్సిలు బొమ్మలు మాత్రం చెక్కుచెదరలేదు. గండుచీమ తలకాయలు చిన్నవీ పెద్దవీ, దాసరిపురుగు వంపు, కట్టెలమోపు. రెండు బుడిపెల చీమ బొమ్మ ఉంది, కింద పరీక్షించినవారు లేరు.

వాడు ఒక పేజీ దగ్గర ఆగాడు. రేగు ఆకు, దాని చివర మెతుకంత పురుగు. కింద మరక. మరకకు అడ్డంగా బాల్‌పెన్నుతో కొట్టివేత గీత, దాని పక్కన అదే బాల్‌పెన్నుతో, వయసు మీద పడ్డాక మామయ్య రాసే వంకర అక్షరాలు: తప్పు. చీమలు కాపలా.

"తప్పు అని రాసి ఉంది అత్తా. ఏది తప్పు? పైన ఏమీ లేదు కదా" అన్నాడు వాడు.

ఆ పేజీని వాడి చేతిలో నుంచి తీసుకుని, ఎగిరిపోకుండా నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి, ఎండ తగిలే చోట ఆరబెట్టాను.